మానులో సాగు

చెక్క తిని బతకడం చాలా కష్టం. మానులో ఉండేది దాదాపుగా సెల్యులోజ్, హెమిసెల్యులోజ్, లిగ్నిన్. వీటిని అరిగించుకోగల జంతువులు లోకంలో బహు కొద్ది. అంతకంటే పెద్ద చిక్కు నత్రజనిది. ఒంట్లో మాంసకృత్తులు తయారవ్వాలంటే నత్రజని కావాలి. లేత ఆకు ఎండు బరువులో అది నూటికి రెండు మూడు పాళ్ళు ఉంటుంది. మాను చెక్కలో ఒక పాలులో పదోవంతు ఉండటమే గగనం. దీనికి తోడు కీటకాలకు ఇంకో లోటు ఉంది. స్టెరాల్ అనే పదార్థాన్ని అవి సొంతంగా తయారు చేసుకోలేవు, తిండిలోనే దొరకాలి. కుబుసం విడిపించే హార్మోన్ దానితోనే తయారవుతుంది కాబట్టి, స్టెరాల్ అందని పిల్లపురుగు ఎదగదు.

ఇన్ని లోట్లున్న చోట, బియ్యపు గింజలో సగం కూడా ఉండని పెంకుపురుగులు కోట్ల ఏళ్ళుగా కాపురం చేస్తున్నాయి. వీటిని ఆంబ్రోసియా పెంకుపురుగులు అంటారు. 3 వేలకు పైగా జాతులున్నాయి, అందులో ఎక్కువ భాగం ఉష్ణమండల అడవుల్లో. గట్టి మానులోకి సన్నని సొరంగం తొలుస్తాయి, గుడ్లు అక్కడే పెడతాయి, పిల్లలు అక్కడే పెరుగుతాయి. అయినా చెక్క వాటి అసలు తిండి కాదు. తొలిచిన పొట్టును వెనక్కి నెట్టి బయట పారబోస్తాయి. వాటిని పోషించేది సొరంగం గోడల మీద పెరిగే శిలీంధ్రం. దాన్ని విత్తేదీ, కాపాడేదీ, కోసుకు తినేదీ ఆ పురుగే.

శిలీంధ్రం పోగులు పురుగు పళ్ళు చేరలేని మూలలకు చేరతాయి. చెక్క కణాల్లోకి చొరబడి, అక్కడక్కడ మిగిలిన చక్కెరలు, పిండిపదార్థం, అరకొర నత్రజని లాక్కొని, సొరంగం గోడ దగ్గర ఉబ్బిన కణాల గుత్తులుగా పోగుచేస్తాయి. ఎర్గోస్టెరాల్ అనే స్టెరాల్ కూడా ఆ గుత్తుల్లోనే ఉంటుంది. ఒక మూరెడు చెక్కలో చెదిరిపోయి ఉన్న పోషకాలు ఒక ముద్దగా నోటికి అందుతాయి. ఇందుకు బదులుగా శిలీంధ్రానికి రవాణా దొరుకుతుంది. ఇలాంటి శిలీంధ్రాల్లో చాలావాటికి గాలిలో ఎగిరే బీజాలు లేవు. ఒక చచ్చిన చెట్టు నుంచి ఇంకో చచ్చిన చెట్టుకు చేరాలంటే పురుగు ఒంటి మీద ఎక్కడమే వాటికున్న దారి.

ఆస్ట్రియా తోటలో తెల్లని పూత

ఈ సంగతి మనుషులకు తెలియడానికి ఒక శతాబ్దం పైగా పట్టింది. ఆస్ట్రియాలోని సెయింట్ ఫ్లోరియన్ మఠంలో యోసెఫ్ ష్మిడ్‌బెర్గర్ అనే మతగురువు పండ్లతోటల పెంపకంలో దిట్ట. పండ్ల చెట్లను తొలిచే పురుగు సొరంగాలను చీల్చి చూస్తే గోడలకు తెల్లని మెత్తని పూత కనిపించింది. పిల్లపురుగులు దాన్నే తింటున్నాయని ఆయన గమనించాడు. చెట్టు రసమే ఊరి గడ్డకట్టి అలా అయిందనుకుని, గ్రీకు దేవతల ఆహారం పేరు పెట్టి దాన్ని ఆంబ్రోసియా అన్నాడు. అది 1836.

ఎనిమిదేళ్ళ తరువాత, 1844లో, జర్మన్ అటవీశాస్త్రజ్ఞుడు థియోడోర్ హార్టిగ్ అదే పూతను సూక్ష్మదర్శిని కింద పెట్టి చూశాడు. అది చెట్టు రసం కాదనీ, బతికున్న శిలీంధ్రమనీ తేల్చాడు. 1897లో అమెరికా వ్యవసాయ శాఖ తరఫున హెన్రీ హబ్బార్డ్ ఆ దేశపు ఆంబ్రోసియా పురుగులన్నిటి మీద ఒక వివరమైన నివేదిక రాశాడు. పురుగులు ఈ శిలీంధ్రాన్ని శ్రద్ధగా పెంచుతున్నాయనీ, అవి సొరంగం వదిలిపెట్టగానే పిచ్చి బూజులు కమ్మేస్తాయనీ అందులో వివరించాడు.

ఒక ప్రశ్న మాత్రం మిగిలిపోయింది. కొత్త చెట్టులో తొలి సొరంగం తవ్వే ఆడపురుగుకు విత్తనం ఎక్కడి నుంచి వస్తోంది? ఒంటికి అంటుకుని వస్తుందని కొందరు, కడుపులో దాచుకుని వస్తుందని కొందరు వాదించారు.

ఒంటిలోనే విత్తనాల సంచి

జవాబు 1950ల్లో దొరికింది. జర్మన్ శాస్త్రవేత్త హెలెన్ ఫ్రాంకే-గ్రోస్‌మన్ పురుగుల శరీరాన్ని పలుచని పొరలుగా కోసి చూసింది. కొన్ని జాతుల ఆడపురుగుల ఒంట్లో శిలీంధ్ర బీజాలతో నిండిన ప్రత్యేకమైన సంచులు ఉన్నాయని 1956లో ప్రకటించింది. 1963లో, అమెరికాలో పనిచేస్తున్న భారతీయ మూలాల శిలీంధ్ర శాస్త్రజ్ఞుడు లేఖ్ బాత్రా ఆ సంచులకు మైకాంజియం అనే పేరు పెట్టాడు. నేటికీ శాస్త్రలోకంలో అదే పేరు నిలిచింది.

మైకాంజియం ఒక్కో వంశంలో ఒక్కో చోట ఉంటుంది. జైలోసాండ్రస్ అనే ప్రజాతిలో అది వీపు మీద, రెక్కల మొదట్లో లోపలికి మడిచిన పెద్ద సంచి. యూవలేసియాలో దవడల దగ్గర జంట తిత్తులు. జైలెబొరైనస్‌లో పెంకు రెక్కల మొదట్లో గుంటలు. ప్లాటిపస్ అనే ప్రజాతి పురుగుల్లో ఛాతీ పైపెంకు మీద సన్నని బెజ్జాలు. శరీరంలో ఇన్ని వేర్వేరు చోట్ల ఒకే పని చేసే అంగం పుట్టిందంటే, ఆ అవసరం ఆయా వంశాల్లో విడివిడిగా తలెత్తి, విడివిడిగానే తీరిందని అర్థం.

ఈ సంచి చుట్టూ గ్రంథులు ఉంటాయి. అవి స్రవించే ద్రవంలో శిలీంధ్రం పోగులుగా సాగకుండా, ఈస్టులా మొగ్గలు తొడుగుతూ పెరుగుతుంది. ఎగిరేటప్పుడు ఎండ తగిలినా ఎండిపోదు. కొత్త చెట్టు చేరి సొరంగం తవ్వడం మొదలుపెట్టగానే కణాలు పొంగి సంచి నుంచి బయటికొస్తాయి, గోడలకు అంటుకుని మళ్ళీ పోగులు సాగుతాయి. పంట ఎదిగాకే ఆడపురుగు గుడ్లు పెట్టడం మొదలుపెడుతుంది. చాలా జాతుల్లో, శిలీంధ్రం మొలవని సొరంగంలో గుడ్లు పడవు.

కలుపును అణిచే ఆల్కహాల్

సాగు అన్నాక కలుపు తప్పదు. చెమ్మగా ఉండే చెక్కలో ఆస్పర్జిల్లస్, పెనిసిల్లియం వంటి బూజులు ఎప్పుడూ కాచుకునే ఉంటాయి. నెమ్మదిగా పెరిగే ఆంబ్రోసియా శిలీంధ్రం వాటితో పోటీపడి ఎలా నెగ్గుతోందన్నది చాలాకాలం అంతుపట్టలేదు.

దీనికి దారి చూపింది పురుగులకున్న ఒక పాత అలవాటు. ఆంబ్రోసియా పురుగుల్లో చాలా జాతులు ఇథనాల్ అనే ఆల్కహాల్ వాసన పట్టుకుని వస్తాయి. ఇథనాల్ ఉన్న సీసాను ఉచ్చులో పెడితే వాటిని పట్టడం తేలిక. వేళ్ళు నీటిలో నానినా, మంచు దెబ్బ తగిలినా, చెట్టు కణాలకు ఆక్సిజన్ అందక లోపల ఇథనాల్ తయారవుతుంది. కాబట్టి ఆ వాసన పురుగుకు బలహీనపడ్డ చెట్టు జాడ చెబుతుందని శాస్త్రజ్ఞులు అనుకునేవారు. అది నిజమే, అయితే సగం నిజమే.

అమెరికాలోని ఒహాయో రాష్ట్రంలో పనిచేసే క్రిస్టఫర్ రేంజర్, జర్మనీలో పనిచేసే పరిశోధకుడు పీటర్ బీడర్‌మన్, వారి సహచరులు 2018లో రెండో సగాన్ని బయటపెట్టారు. జైలోసాండ్రస్ జెర్మానస్ అనే పురుగు పెంచే శిలీంధ్రాన్నీ, దాని పొలంలో కలుపుగా మొలిచే బూజులనూ ఇథనాల్ కలిపిన మేతలో పెంచి చూశారు. తగిన పాళ్ళలో ఇథనాల్ ఉన్నచోట ఆంబ్రోసియా శిలీంధ్రం మరింత బాగా పెరిగింది. కలుపు బూజులు కుంగిపోయాయి. ఇథనాల్ విషాన్ని విరిచే ఎంజైములు సాగు శిలీంధ్రానికి దండిగా ఉన్నాయి. అంటే పురుగు తన పంటకు సరిపడే నేల కోసం వెతుకుతోంది. ఆరోగ్యంగా ఉన్న చెట్టును వదిలి, నీట నానిన చెట్టును ఎంచుకోవడం వెనక ఈ లెక్క ఉంది.

పైన్ చెట్ల బెరడు కింద బతికే డెండ్రోక్టోనస్ ఫ్రంటాలిస్ అనే పురుగుది ఇంకో పద్ధతి. అమెరికా దక్షిణ రాష్ట్రాల్లో పైన్ అడవులను నాశనం చేసే ఈ పురుగు ఎంటోమోకార్టిసియం అనే శిలీంధ్రాన్ని మైకాంజియంలో మోసుకొస్తుంది. దాని మీద ఎక్కి వచ్చే నల్లులు ఒఫియోస్టోమా మైనస్ అనే మరో శిలీంధ్రాన్ని తెస్తాయి. నల్లులకు అదే తిండి. పురుగు పిల్లలకు మాత్రం అది చేటు. 2008లో జాన్ క్లార్డీ, కామెరాన్ కర్రీ బృందాలు ఈ కథలో మరో పాత్రధారిని కనుగొన్నాయి. పురుగు మైకాంజియంలోనూ, సొరంగాల్లోనూ స్ట్రెప్టోమైసిస్ వర్గపు బ్యాక్టీరియా ఉంది. అది మైకాంజిమైసిన్ అనే యాంటీబయాటిక్‌ను తయారు చేస్తుంది. ఆ మందు ఒఫియోస్టోమాను గట్టిగా అణుస్తుంది, ఎంటోమోకార్టిసియం జోలికి అంతగా పోదు. మనుషులకు వాడే స్ట్రెప్టోమైసిన్ వంటి యాంటీబయాటిక్‌లు ఈ బ్యాక్టీరియా వర్గం నుంచే వచ్చాయి. ఒక పురుగు తన పంటను కాపాడుకోవడానికి అలాంటి మందునే వాడుతోందన్నది ఈ రంగంలో ఎంతో విలువైన ఆవిష్కరణ.

సొరంగంలో సంసారం

సొరంగం లోపలి కుటుంబ జీవితం కూడా మామూలు కీటకాల తీరులో ఉండదు. జైలెబొరిని అనే పెద్ద వర్గంలో మగవాటికి ఎగిరే రెక్కలు ఉండవు. అవి ఆ సొరంగంలోనే పుట్టి అక్కడే పోతాయి. ఫలదీకరణ జరిగిన గుడ్డు ఆడపురుగవుతుంది, జరగని గుడ్డు మగపురుగవుతుంది. ఒక తల్లి పిల్లల్లో పదుల కొద్దీ ఆడవి ఉంటే, మగవి ఒకటో రెండో. అక్కాచెల్లెళ్ళు బయటికి ఎగిరేలోపే అన్నదమ్ములతో జతకడతాయి. కొత్త చెట్టు చేరే ఆడపురుగుకు తోడు అక్కర్లేదు, కడుపులో గుడ్లూ సంచిలో విత్తనమూ రెండూ సిద్ధం. ఒకవేళ జతకట్టకుండానే ఎగిరినా దాని వంశం ఆగదు. ఫలదీకరణ లేని గుడ్లు పెట్టి కొడుకును కంటుంది, ఆ కొడుకుతోనే జతకట్టి కూతుళ్ళను కంటుంది. ఒకే ఒక్క ఆడపురుగు ఒక ఖండమంతా వ్యాపించే జనాభాకు మూలం కాగలదు. ఈ వాస్తవం ముందు ముందు కథలో చాలా కీలకం.

జైలెబొరైనస్ సాక్సెసెనై అనే జాతిని పీటర్ బీడర్‌మన్, మైకేల్ టబోర్స్కీ గాజు గొట్టాల్లో పెంచి, లోపలి పనులన్నీ కళ్ళారా చూసి 2011లో వివరాలు ప్రచురించారు. అందులో పనుల పంపకం స్పష్టంగా కనిపించింది. పిల్లపురుగులు చెక్కను కొరికి సొరంగాన్ని వెడల్పు చేస్తాయి, పొట్టును ఉండలుగా చుడతాయి. ఎదిగిన కూతుళ్ళు ఆ చెత్తను బయటికి నెడతాయి, పంట మీద తిరుగుతూ శిలీంధ్రాన్ని కత్తిరిస్తాయి, ద్వారం దగ్గర అడ్డంగా నిలబడి శత్రువును లోపలికి రానివ్వవు. రెక్కలొచ్చినా చాలామంది వెంటనే ఎగిరిపోకుండా, తమ్ముళ్ళూ చెల్లెళ్ళ పెంపకంలో సాయపడతాయి. రూపం మారే కీటకాల్లో పిల్లపురుగులకు ఇంత బాధ్యత ఉండటం చాలా అరుదు.

ఆస్ట్రేలియా ఆగ్నేయ ప్రాంతపు యూకలిప్టస్ అడవుల్లో ఆస్ట్రోప్లాటిపస్ ఇన్‌కంపర్టస్ అనే పురుగు ఇంకా ముందుకు వెళ్ళింది. అది చచ్చిన చెట్టుకు పోదు. పచ్చగా బతికున్న చెట్టు చేవలోకి ఒంటరిగా తొలుచుకుంటూ పోతుంది. తొలి సంతానం బయటపడటానికి సుమారు నాలుగేళ్ళు పడుతుంది. తరువాత కూతుళ్ళలో చాలామంది అక్కడే ఉండిపోయి, గుడ్లు పెట్టకుండా, సొరంగాన్ని పొడిగిస్తూ తల్లికి తోడుగా బతుకుతాయి. డెబొరా కెంట్, సింప్సన్ 1992లో ఈ సంగతి ప్రచురించేదాకా, తేనెటీగలు, చీమలు, చెదపురుగుల్లో కనిపించే రాణి-సేవకుల పద్ధతి పెంకుపురుగుల్లో ఉందని ఎవరికీ తెలియదు. ఇలాంటి ఒక సొరంగం 37 ఏళ్ళు నడిచిన దాఖలా ఉంది.

మనిషికి ముందు

మనిషి సాగు మొదలుపెట్టి 10 వేల ఏళ్ళు దాటింది. అమెరికా ఖండాల్లోని చీమలు శిలీంధ్రాల సాగు మొదలుపెట్టి సుమారు 6 కోట్ల ఏళ్ళు. ఆఫ్రికా, ఆసియా చెదపురుగుల సాగుకు సుమారు 3 కోట్ల ఏళ్ళు. పెంకుపురుగుల్లో ప్లాటిపోడినే అనే శాఖ, డైనోసార్లు ఇంకా నేల మీద తిరుగుతున్న రోజుల్లోనే సాగులోకి దిగి ఉండవచ్చని డీఎన్ఏ లెక్కలు చెబుతున్నాయి. అంటే భూమ్మీద మనకు తెలిసిన రైతుల్లో బహుశా ఇవే అందరికంటే పాతవి.

చీమల్లో ఈ విద్య ఒక్కసారే పుట్టింది, చెదపురుగుల్లోనూ ఒక్కసారే. పెంకుపురుగుల్లో మాత్రం పదిసార్లు, అంతకు మించి విడివిడిగా పుట్టింది. శిలీంధ్రాల వైపు కూడా అంతే. రాఫేలియా, ఆంబ్రోసియెల్లా, ఫ్యుసేరియం వంటి దూరపు చుట్టాలు ఎవరికి వారే పురుగుల పంటగా మారాయి. వీటిలో చాలావాటికి చెక్కను పూర్తిగా కుళ్ళబెట్టే శక్తి లేదు, తేలికగా దొరికే చక్కెరలతో సరిపెట్టుకుంటాయి. అందుకే ఒక మాను చాలాసార్లు ఒకే తరానికి చాలుతుంది. ఫ్లావొడాన్ ఆంబ్రోసియస్ ఇందుకు మినహాయింపు. అది పుట్టగొడుగుల వర్గపు శిలీంధ్రం, లిగ్నిన్‌ను సైతం కరిగిస్తుంది. దాన్ని పెంచే పురుగుల కుటుంబాలు ఒకే చెట్టులో తరాల తరబడి ఉండగలుగుతాయి.

మన దేశంలో ఈ పురుగుల అధ్యయనానికి పునాది వేసిన చోటు దెహ్రాదూన్‌లోని అటవీ పరిశోధన సంస్థ. అక్కడ కీటక శాస్త్రజ్ఞుడిగా పనిచేసిన సి.ఎఫ్.సి. బీసన్ 1941లో భారతదేశపు అటవీ కీటకాల మీద ప్రచురించిన బృహద్గ్రంథాన్ని అడవుల శాఖలో తరాల తరబడి వాడారు. కలప వ్యాపారులకు ఈ పురుగు చేసే నష్టం బాగా తెలుసు. కొట్టి పడేసిన పచ్చి దుంగలో అది చేరితే, కోసిన పలక మీద సన్నని బెజ్జాలు, వాటి చుట్టూ శిలీంధ్రం పులిమిన నల్లని చారలు కనిపిస్తాయి. దుంగను త్వరగా కోసి ఆరబెట్టడమే విరుగుడు. తేమ పోతే పంట చస్తుంది, పంట చస్తే పురుగు చస్తుంది. ఇంట్లోని పాత మంచం కోళ్ళ నుంచి పిండిలా రాలే పొడి ఈ పురుగుది కాదు. ఎండిన చెక్కను నిజంగానే తినే వేరే జాతి పురుగులది.

తేయాకు తోట నుంచి నగర వీధులకు

19వ శతాబ్దం చివర్లో సిలోన్ తేయాకు తోటల్లో కొమ్మలు విరిగిపోవడం మొదలైంది. కొమ్మను చీల్చితే లోపల గుండ్రంగా తిరిగిన సొరంగం, దానిలో నల్లని చిన్న పురుగు. 1868లోనే సిలోన్ నుంచి వర్ణించిన ఆ పురుగును నేడు యూవలేసియా ఫార్నికేటస్ వర్గం అంటున్నారు. తోటల్లో దాన్ని పిలిచే పేరు షాట్‌హోల్ బోరర్. నీలగిరి, ఆనమలై, వయనాడ్ తేయాకు రైతులకు కూడా ఇది పాత శత్రువే. 1947లో సిలోన్ తేయాకు పరిశోధన సంస్థకు చెందిన గాడ్, లూస్ ఆ సొరంగంలోని శిలీంధ్రాన్ని వేరుచేసి వర్ణించారు. అది ఫ్యుసేరియం కుటుంబానికి చెందినదని తరువాతి వారు తేల్చారు.

ఆ వర్గానికే చెందిన పురుగు 2003లో అమెరికాలో, లాస్ ఏంజెలెస్ ప్రాంతంలో ఒక ఉచ్చులో పడింది. తేయాకు పురుగే కదా అని ఎవరూ పెద్దగా పట్టించుకోలేదు. 2009లో ఇజ్రాయెల్‌లో అవకాడో తోటలు ఎండటం మొదలైంది. 2012లో కాలిఫోర్నియాలో ఒక ఇంటి పెరటి అవకాడో చెట్టులో అదే పురుగు, అదే శిలీంధ్రం దొరికాయి. డీఎన్ఏ పరీక్షలు జరిగాక తెలిసిందేమిటంటే, కంటికి ఒకేలా కనిపించే ఆ పురుగులు నిజానికి నాలుగు వేర్వేరు జాతులు. కాలిఫోర్నియా, ఇజ్రాయెల్‌లకు చేరింది తేయాకు తోటల్లో పేరుమోసిన జాతి కాదు. అక్కడికి చేరిన జాతి పెంచే పంట పేరు ఫ్యుసేరియం యూవలేసియే. లాస్ ఏంజెలెస్ పరిసరాల్లోని రెండు పెద్ద ఉద్యానవనాల్లో 335 మొక్క జాతులను పరిశీలిస్తే 200కు పైగా జాతులపై ఈ పురుగు దాడి చేసినట్టు కనిపించింది. ఆముదం చెట్టు కూడా ఆ జాబితాలో ఉంది.

2017లో ఈ పురుగు దక్షిణాఫ్రికాలోని పీటర్‌మారిట్జ్‌బర్గ్ వృక్షోద్యానంలో బయటపడింది. కొద్ది కాలానికే జొహానెస్‌బర్గ్ వీధుల్లోని చెట్లు దెబ్బతిన్నాయి. 2021లో ఆస్ట్రేలియా పశ్చిమ తీరాన పెర్త్ నగరంలో కనిపించింది. ప్రభుత్వం వేల చెట్లను నరికించి, నగరమంతా నిఘా పెట్టింది. అయినా 2025లో, పురుగును పూర్తిగా తుడిచిపెట్టడం సాధ్యం కాదని ఒప్పుకుని, వ్యాప్తిని తగ్గించే మార్గాలకు మళ్ళింది. ఒక్క ఆడపురుగు చాలన్న వాస్తవం ముందు ఇంత పెద్ద యంత్రాంగమూ నిలవలేదు.

30 కోట్ల చెట్లు

2002లో అమెరికాలోని జార్జియా రాష్ట్రంలో, సవానా రేవు పక్కనున్న పోర్ట్ వెంట్‌వర్త్‌లో అధికారులు పెట్టిన ఉచ్చులో మూడు పురుగులు పడ్డాయి. జైలెబొరస్ గ్లాబ్రాటస్ అనే ఆ జాతి భారత్, మయన్మార్, తైవాన్, జపాన్ అడవుల్లోది. సరుకు పెట్టెల చెక్కలో కూర్చుని సముద్రం దాటి ఉంటుంది. స్వదేశంలో అది ఎక్కువగా చచ్చిన, చావుకు దగ్గరైన కొమ్మల్లో కాపురం పెట్టుకునే అనామక జీవి.

రెండు మూడేళ్ళలో ఆ తీరంలోని రెడ్‌బే చెట్లు వాడిపోసాగాయి. రెడ్‌బే దాల్చినచెక్క, కర్పూర చెట్ల కుటుంబంలోది. 2008లో హ్యారింగ్టన్, ఫ్రేడ్రిక్, అఘాయెవా అనే శాస్త్రజ్ఞులు కారణాన్ని తేల్చారు. పురుగు నోటి సంచిలో వచ్చిన రాఫేలియా లారికోలా అనే శిలీంధ్రమే చెట్లను చంపుతోంది. ఈ పురుగు ఇథనాల్ వాసనకు కాకుండా ఆ కుటుంబపు చెట్ల సహజ సువాసనకు వస్తుంది. కాబట్టి నిండు ఆరోగ్యంతో ఉన్న చెట్టును కూడా గిల్లి చూస్తుంది. ఒక్క గాటు చాలు. బీజాలు నీటి నాళాల్లో ప్రవాహంతో పాటు పైకి పోతాయి. శత్రువు ప్రవేశించిందని గుర్తించిన చెట్టు దాన్ని అడ్డుకోవడానికి తన నాళాలను తానే జిగురుతోనూ, ఉబ్బిన కణాలతోనూ మూసేసుకుంటుంది. నీరు ఆగిపోతుంది. కొన్ని వారాల్లో ఆకులన్నీ గోధుమరంగుకు తిరిగి, రాలకుండా కొమ్మలకే వేలాడతాయి. చచ్చిన ఆ మాను ఇప్పుడు పురుగులకు కాపురం పెట్టుకునే చోటవుతుంది. ఆసియాలో వేల తరాలుగా ఈ శిలీంధ్రంతో కలిసి బతికిన కర్పూర చెట్టు దీన్ని చాలావరకు తట్టుకుంటుంది. అమెరికా చెట్లకు ఆ పరిచయం లేదు. చెట్టును చంపింది శిలీంధ్రం కంటే ఎక్కువగా, ఆ పరిచయం లేని చెట్టు చేసుకున్న అతి రక్షణ.

ఇప్పటికి ఈ తెగులుతో చచ్చిన రెడ్‌బే చెట్లు సుమారు 30 కోట్లని శాస్త్రజ్ఞుల అంచనా. ఆ జాతి మొత్తం జనాభాలో దాదాపు మూడోవంతు. పడమట టెక్సాస్ దాకా, ఉత్తరాన కెంటకీ దాకా తెగులు పాకింది. రెడ్‌బే ఆకు తిని బతికే పాలమెడీస్ సీతాకోకచిలుకకు తిండి కరువైంది. ఫ్లోరిడాలోని సెమినోల్, మికసూకీ ఆదివాసులు ఆ ఆకును తరతరాలుగా వైద్యంలో వాడుతున్నారు. వారి మందుచెట్టు కళ్ళ ముందే పోతోంది. దక్షిణ ఫ్లోరిడా అవకాడో తోటల్లో ఇంకో మలుపు తిరిగింది. అక్కడ అసలు పురుగు పెద్దగా లేకపోయినా, స్థానికంగా ఉండే వేరే ఆంబ్రోసియా పురుగులు ఈ శిలీంధ్రాన్ని అందిపుచ్చుకుని మోయసాగాయి. పక్క పక్క చెట్ల వేళ్ళు అతుక్కున్న చోట తెగులు నేల కిందుగానే ఒక చెట్టు నుంచి ఇంకో చెట్టుకు పోతోంది.

పురుగుకైనా, శిలీంధ్రానికైనా చెట్లను చంపాలన్న అవసరం లేదు. సొంత అడవిలో ఈ జంట చేసేది చచ్చిన మానును త్వరగా మట్టిలో కలిపే పని. సొరంగాల్లోంచి నీరూ గాలీ లోపలికి పోతాయి, వెనక మరెన్నో శిలీంధ్రాలు వస్తాయి, అడవికి పోషకాలు తిరిగి దక్కుతాయి. ఆ పని లేకపోతే అడవి నిలవదు. ముప్పు వచ్చిందల్లా వాటిని ఊరు మార్చినందువల్లే, మార్చింది మనిషి.

మన తోటల్లో

తెలుగు రాష్ట్రాల్లో ఈ పురుగుల పేరు ఎక్కువగా వినిపించేది అనంతపురం వైపు దానిమ్మ తోటల్లో. చెట్టు మొదట్లో సన్నని బెజ్జాలు, వాటి దగ్గర పొట్టు కనిపిస్తే రైతులు షాట్‌హోల్ బోరర్ వచ్చిందంటారు. చాలాసార్లు అది సెరాటోసిస్టిస్ అనే ఎండు తెగులు శిలీంధ్రంతో అప్పటికే దెబ్బతిన్న చెట్టుకే వస్తుంది. ఆ శిలీంధ్రం పురుగు పెంచే పంట కాదు, అయినా పురుగు తోసే పొట్టుతో పాటు దాని బీజాలు కూడా బయటపడి పొరుగు చెట్లకు చేరగలవు. ఒమన్‌లో 1998 నుంచి మామిడి తోటలను ఎండబెట్టిన తెగులు కూడా ఇదే వర్గపు శిలీంధ్రం, బెరడు తొలిచే పురుగు కలిసి తెచ్చినదే.

ఇక్కడ శాస్త్రం చెప్పే మాట సూటిగా ఉంది. పురుగు చెక్కను తిండిగా తినదు, మూసిన సొరంగం లోపల ఉంటుంది. పైన కొట్టిన మందు దాని దాకా పోవడం కష్టం. అందుకని చెట్టు బలహీనపడకుండా చూడటమే అసలు రక్షణ. చెట్టు మొదట్లో నీరు నిలవనీయకూడదు, గాయాలు కానీయకూడదు. ఎండిన చెట్టును వేళ్ళతో సహా తీసి అక్కడికక్కడే కాల్చేయాలి. ఆ కొయ్యను వంటచెరకు పేరుతో ఇంకో ఊరికి పంపితే పురుగునూ శిలీంధ్రాన్నీ చేతులారా పంపినట్టే. పరాయి దేశాల నుంచి వచ్చే చెక్క పెట్టెలకు కూడా ఇదే సూత్రం. 2002లో కుదిరిన అంతర్జాతీయ ప్రమాణం ప్రకారం సరుకు పెట్టెల చెక్కను లోపలి భాగం దాకా 56 డిగ్రీల సెల్సియస్ వేడిలో 30 నిమిషాలు ఉంచడం వంటి శుద్ధి చేసి, ముద్ర వేయాలి. విశాఖపట్నం, కృష్ణపట్నం రేవుల్లో దిగే పెట్టెలన్నిటికీ ఆ ముద్ర ఉందో లేదో చూసే తనిఖీ ఎంత కచ్చితంగా ఉంటే మన తోటలకు అంత మంచిది.

చెట్టు మొదట్లో సూదంత బెజ్జాలు, వాటి నుంచి పుల్లలా పొడుచుకొచ్చిన పొట్టు కనిపిస్తే ఊరుకోకండి. ఫోటో తీసి, ఆ కొమ్మ ముక్కను మూత బిగించిన సీసాలో పెట్టి, దగ్గరలోని కృషి విజ్ఞాన కేంద్రానికి చూపించండి. అది ఏ పురుగో, దాని వెంట ఏ శిలీంధ్రం ఉందో తేలేదాకా ఆ తోటలోని పచ్చి కొయ్యను బయటికి పోనివ్వకండి.